కాలు లెక్కలోకి రాదు

మా బాబాయి చచ్చినవాడిలా పడుకోవడంలో మొనగాడు. ఈ మాట ఇలా రాయొచ్చా అని ఒక్క క్షణం ఆగాను కానీ, ఆయన చదివితే మురిసిపోయేవాడే. పాట రాదు, పద్యం రాదు, పేకాటకి కూర్చుంటే ప్రతిసారీ ఓడిపోయి లేచేవాడు. ఆయనకి దేవుడిచ్చిన కళ ఒక్కటే, దొంగనిద్ర.

బాబాయి అంటే మా అమ్మ చెల్లెలి మొగుడు. ఇల్లు జగ్గయ్యపేటలో, ఉద్యోగం నందిగామ అవతల ఒక పత్తి మిల్లులో. రైతులు తెచ్చిన పత్తిని కాటా వేయించే గుమాస్తా. వారమంతా పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. వచ్చేసరికి చొక్కా నిండా, కనుబొమల్లో, చెవుల మీది వెంట్రుకల్లో పత్తి పోగులే. ఆ దుమ్ముకి ఆయనకో దగ్గు అలవాటయింది. జబ్బు దగ్గు కాదు, వీధి మలుపు తిరగ్గానే గొంతు సవరించుకున్నట్టు వచ్చే దగ్గు. అది వినపడగానే పిన్ని కంచం పెట్టేది. మా పిన్ని గడియారం చూసి అన్నం వడ్డించగా నేనెప్పుడూ చూడలేదు.

మాది వీరులపాడు. క్రిస్మస్ సెలవులకీ, వేసవి సెలవులకీ మా అమ్మ నన్ను జగ్గయ్యపేటలో దింపేసి, ఊపిరి పీల్చుకునేది. నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు. పిన్ని ఇంట్లో మాత్రం నా నోటికి మంచి గిరాకీ. అక్కడ నాకో చెల్లి, ఒక తమ్ముడు. పిన్ని పిల్లలే అయినా నాకు సొంతవాళ్ళ కిందే లెక్క.

ఆదివారం చర్చి నుంచి రాగానే కోడికూర, అన్నం, గ్లాసుడు మజ్జిగ. అవి కాగానే బాబాయి నవారు మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. చేతులు రెండూ పొట్ట మీద, కాళ్ళు మంచం పట్టె దాటి బయటికి. కాసేపటికి నోరు కొంచెం తెరుచుకునేది. అంటే ఆట మొదలైందన్నమాట.

ఆట ఏమిటంటే, ఆయన నిజంగా నిద్రపోలేదని మేం నిరూపించాలి. కళ్ళు తెరిచినా, నవ్వినా ఆయన ఓడినట్టు. ఇంకేం జరిగినా గెలుపు ఆయనదే. ఈ రూలు పెట్టింది కూడా ఆయనే, మరి అడ్డగోలుగా కాక ఎలా ఉంటుంది?

చెల్లి పని చెవిలో అరవడం. దాని గొంతుకి పక్కింటి కుక్క కూడా లేచి పోయేది కానీ ఈయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. తమ్ముడి చేతికి టార్చి లైటు. కనురెప్ప పైకెత్తి లైటు వేసేవాడు. బాబాయి గుడ్డు పైకి తిప్పేసి తెల్లగుడ్డు మాత్రం చూపించేవాడు, చెల్లి కెవ్వుమని పారిపోయేది. ఒకోసారి గుడ్డు తిప్పడం ఆలస్యమైతే, మధ్యలో నల్లచుక్క ఠక్కున ముడుచుకోవడం తమ్ముడికి కనపడేది. "చిన్నదయిందక్కా" అనేవాడు. అయితే ఏంటంట అనేదాన్ని. ఒళ్ళంతా బిగబట్టగలిగినవాడు ఆ చుక్కని బిగబట్టలేడని మాకూ తెలీదు, ఆయనకీ తెలీదు.

పత్తి పోగు నాది. ఆయన చొక్కా మీదదే ఒకటి తీసి, సన్నగా మెలిపెట్టి, కంటి మూలన తాకించేదాన్ని. పెద్దవాళ్ళు చెయ్యగూడదని చెప్పిన పని కాబట్టి మహా ఇష్టంగా చేసేదాన్ని. రెప్ప టపటపా కొట్టుకునేది. "కొట్టుకుంది, కొట్టుకుంది" అని గంతులేస్తే, ఆయన లేచాక వాదించేవాడు: "రెప్ప కొట్టుకుంటే తెరిచినట్టా? తెరిచినట్టు కాదు." ఒకసారి తమ్ముడు కుండలో చన్నీళ్ళు తెచ్చి చెవిలో పోశాడు. ఆ ఒక్కసారే ఆయన కళ్ళు గిర్రున తిరిగి, మంచం దిగి గోడ పట్టుకున్నాడు. ఆ రోజు పిన్ని మా ముగ్గురి వీపులూ విమానం మోత మోగించింది. చెవిలో నీళ్ళు పొయ్యడం ఆటలోంచి తీసేశారు.

ముక్కు మూసే పరీక్షకి ఒక కిటుకుంది. ముక్కు మూస్తే నోటి పక్క నుంచి దొంగగా గాలి పీల్చేవాడు. అందుకని మొహం చూడకూడదు, పొట్ట చూడాలి. పొట్ట లేచిందంటే దొరికిపోయినట్టే. నవ్వు ఆపుకోలేక ఆ పొట్ట గడగడా వణికేది. అయినా మొహంలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

ఇక చివరి ఆయుధం అరికాలు. పట్టె దాటి వేలాడే ఆ ఎడమ పాదం కింద గోటితో ఒక గీత గీస్తే చాలు, బొటనవేలు చటుక్కున కదిలేది. ప్రతిసారీ, ఒక్కసారి కూడా తప్పకుండా. మేం గెలిచామని ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్ళం. బాబాయి కళ్ళు మూసుకునే, పెదాలు కదిపీ కదపకుండా తీర్పు చెప్పేవాడు.

"కాలు లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

"దానికి నేను చెప్పలేదు. దానంతటదే కదిలింది. నాకేం సంబంధం?"

ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? నిద్రపోయేవాడు మాట్లాడొచ్చా అని నేను కోర్టు పెట్టేదాన్ని. మాట్లాడిన సంగతే ఒప్పుకునేవాడు కాదు. చివరికి మేం అలిసిపోయి, ఆయన మరీ కదలకుండా ఉంటే చెల్లికి నిజంగా భయం పట్టుకుని, మూతి వంకర్లు తిరిగి, ఏడుపు మొదలయ్యే వేళకి పిన్ని వంటింట్లోంచి వచ్చేది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా అనేది:

"ఇక చాల్లెండి. పిల్లలు హడలిపోతున్నారు."

అంతే, ముందు ఎడమ కన్ను తెరుచుకునేది. అది పిన్ని వైపు చూసేది. తర్వాత రెండోది. తర్వాత మేం ముగ్గురం ఆయన పొట్ట మీద పడేవాళ్ళం. మేం ఇంతసేపు చేసిన హంగామాకి లేవని మనిషి, పిన్ని ఒక్క మాటకి లేచేవాడు. పిన్ని ఆ మాట తొందరపడి ఎప్పుడూ అనలేదు. "మీ వంతులన్నీ అవనీయండి, నా వంతు ఆఖర్న" అనేది.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఆ ఆట మొత్తం మళ్ళీ ఒకసారి చూడాల్సి వచ్చింది. ఈమధ్యనే, బెజవాడ ఆస్పత్రిలో.

బాబాయి రిటైరై కొన్నేళ్ళయింది. బీపీ బిళ్ళలు ఒళ్ళు బాగుంటే మానేసేవాడు, బాగుండకపోతే వేసుకునేవాడు. అలా కాదు బాబాయ్ అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. ఒక పొద్దున స్నానం చేసి, తల దువ్వుకుంటూ "తల పగిలిపోతందే" అని పిన్నితో అని, గుమ్మంలోనే కూలబడ్డాడట. తమ్ముడు కార్లో వేసుకుని నందిగామ ఆస్పత్రికి తెచ్చాడు. నేను అక్కడే స్కూల్లో టీచర్ని. ఫోనొస్తే క్లాసు మధ్యలో వదిలేసి పరిగెత్తాను. వాళ్ళు చూసి, ఆలస్యం చెయ్యకండి అని అంబులెన్సులో బెజవాడ పంపించారు. మెదడులో నరం చిట్లింది, ఆపరేషన్‌కి అందని చోట రక్తం నిండిపోయింది అన్నారు. వెంటిలేటర్ పెట్టారు.

అద్దంలోంచి చూస్తే, ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, అందులో గొట్టం. గుండెలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. లోపలికెళ్ళి ముట్టుకుంటే ఒళ్ళు వెచ్చగా ఉంది. మొహం కళగా ఉంది. పిన్ని ఆయన్ని అలా చూసి చాలాసేపటికి నాతో అన్న మొదటి మాట ఇది: "ఏవే, అచ్చం ఆదివారం పడుకున్నట్టే ఉన్నారు కదే."

నిజంగా అలాగే ఉన్నాడు మరి.

రెండు మూడు రోజులు గడిచాక అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచింది. చిన్న వయసు, మెత్తగా మాట్లాడే మనిషి. మెదడు పూర్తిగా ఆగిపోయిందేమో అని అనుమానంగా ఉందని, అది తేల్చడానికి కొన్ని పరీక్షలున్నాయని చెప్పింది. "నిద్రమందులేవీ ఒంట్లో లేవమ్మా. ఒళ్ళు చల్లబడలేదు, బీపీ నిలబడే ఉంది. అంటే వేరే కారణాల వల్ల కదలకుండా ఉన్నారని అనుకోవడానికి లేదు. ఒకసారి మేం చేస్తాం, ఆరు గంటలాగి మళ్ళీ చేస్తాం. రెండుసార్లూ ఒకేలా వస్తేనే చెప్తాం. చూస్తామంటే దగ్గరుండి చూడొచ్చు."

"చూస్తాం" అంది పిన్ని.

చెల్లి లోపలికి రానంది. అద్దం అవతలే నిలబడింది. నేను, పిన్ని, తమ్ముడు మంచం పక్కన నిలబడ్డాం.

డాక్టరమ్మ ముందు ఆయన చెవి దగ్గర వంగి, పేరు పెట్టి గట్టిగా పిలిచింది. అద్దం అవతల చెల్లి గొంతు పట్టుకోవడం నాకు కనపడింది. తర్వాత డాక్టరమ్మ బొటనవేలితో కనుబొమ ఎముక మీద గట్టిగా నొక్కింది. తమ్ముడే ముఖం చిట్లించాడు కానీ బాబాయి మొహంలో ఏమీ మారలేదు. తర్వాత రెప్ప ఎత్తి టార్చి వేసింది. నల్లచుక్క పెద్దదై ఎక్కడిదక్కడే ఉండిపోయింది. లైటు తీసినా అంతే, వేసినా అంతే. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా అన్నాడు: "చిన్నదవలేదక్కా."

ఆ తర్వాత ఆవిడ దూది తీసింది. చుట్టలోంచి ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య మెలిపెట్టింది. పిన్ని నా వైపు చూసింది. ఆవిడ ఆ పోగుని ఆయన నల్లగుడ్డు అంచున తాకించింది, అచ్చం నేను తాకించినట్టే. రెప్ప కొట్టుకోలేదు. రెండో కన్నూ అంతే. ఏళ్ళ తరబడి నేను ఆ రెప్ప కొట్టుకోవడాన్ని గెలుపు అనుకున్నాను. అది దేనికీ రుజువు కాదని ఆయన వాదించేవాడు. ఇప్పుడొక్కసారి కొట్టుకుంటే నేను ఆయన కాళ్ళ మీద పడేదాన్ని.

తల అటూ ఇటూ తిప్పారు. తిప్పేటప్పుడు కళ్ళు తలతో పాటే వెళ్ళిపోయాయి, బొమ్మకి గీసిన కళ్ళ మాదిరిగా. మెదడు పనిచేస్తుంటే కళ్ళు ఎదురు తిరుగుతాయట. చెవిలో ఏం అడ్డు లేదని చూసుకుని, ఐసు నీళ్ళు సిరంజీతో పోశారు. మంచం దిగి గోడ పట్టుకున్న మనిషి మరి. కళ్ళు కాసింత కూడా జరగలేదు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిన్నిని అన్నింటికంటే కదిలించేసింది మాత్రం వేరే. గొట్టంలోంచి ఒక సన్నటి ట్యూబు లోపలికి, ఊపిరితిత్తుల దాకా దించి, దగ్గు వస్తుందేమో అని చూశారు. ఎవరికైనా ఉక్కిరిబిక్కిరయ్యే పని అది. దగ్గు రాలేదు. డాక్టరమ్మ ఇంకోసారి దించింది. రాలేదు. పిన్ని మంచం కడ్డీ పట్టుకుని, "మళ్ళీ ఒకసారి చూడమ్మా. ఆయనకి దగ్గుంది" అంది. డాక్టరమ్మ కాదనకుండా మళ్ళీ చూసింది. అన్నం పెట్టాలో వద్దో ఆ దగ్గుని బట్టే తేల్చుకున్న పిన్ని, ఇంకా దానికోసమే ఎదురుచూస్తూ నిలబడింది.

చివరిది ఊపిరి. కాసేపు బాగా ఆక్సిజన్ పెట్టి, యంత్రం నుంచి ఆయన్ని విడదీశారు. సన్నటి గొట్టంతో ఆక్సిజన్ మాత్రం లోపలికి వదులుతున్నారు. ఊపిరి తనంతట తను తీసుకుంటాడా లేదా అన్నదే ప్రశ్న. ఒంట్లో చెడ్డగాలి పెరిగేకొద్దీ, మెదడు అడుగున ఏ కొంచెం పని జరుగుతున్నా ఊపిరి తియ్యమని కబురు పంపుతుందట. అందరూ గుండెల వైపు చూస్తున్నారు. నేను పొట్ట చూస్తున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది? నోటి పక్క నుంచి దొంగగా పీలుస్తాడని, పొట్ట గడగడా వణుకుతుందని చూస్తున్నాను. పొట్ట లేవలేదు. రక్తం తీసుకుని పరీక్షకి పంపి, యంత్రం మళ్ళీ పెట్టేశారు.

బయటికొచ్చాక ఆస్పత్రి తరఫున మాట్లాడే ఒకావిడ వచ్చి మా పక్కన కూర్చుంది. తొందరపెట్టలేదు పాపం. సాయంత్రం పరీక్ష కూడా ఇలాగే వస్తే ఆయన ఇక తిరిగి రారని, మీకు ఇష్టమైతే కిడ్నీలు, కాలేయం, కళ్ళు వేరేవాళ్ళకి ఉపయోగపడతాయని చెప్పింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. "గుండె కొట్టుకుంటంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇప్పుడే అడుగుతారా అండీ?" అన్నాడు. పిన్ని వాణ్ణి చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆవిడతో అంది: "నా వంతు ఇంకా రాలేదమ్మా. అయ్యాక చెప్తా."

ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మూడు రోజుల్లో పిన్ని ఆయన్ని ఏవండీ అని పిలిచింది, ప్రార్థన చేసింది, పాదాలు ఒత్తింది. కానీ ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. తమ్ముడు అంబులెన్సులోనే ఏడుస్తూ అడిగాడు, "అమ్మా, నువ్వను, నీ మాటకి లేస్తాడు" అని. "ఇప్పుడు కాదు" అంది. ఆ మాట అన్నాక కూడా లేవకపోతే ఇంకేమీ మిగలదని ఆవిడకి తెలుసు. అందుకే దాచుకుంది.

ఈలోగా వత్సవాయి నుంచి బాబాయి తరఫు చుట్టం ఒకాయన వచ్చాడు. వస్తూనే, "మా ఊళ్ళో ఒకతను ఆర్నెల్లు కోమాలో ఉండి లేచిండు. హైదరాబాద్ తీస్కపోండి, ఈళ్ళ మాటలేంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కోమా వేరు, ఇది వేరు అని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది మాకు. కోమాలో మెదడు పడుకుని ఉంటుంది, అడుగున ఊపిరి దీపం వెలుగుతూనే ఉంటుంది, ఇందులో అది కూడా ఆరిపోతుంది అని. అదే ఆయనకి చెప్పబోయాను. నా గొంతు కాస్త గట్టిగానే లేచింది కాబోలు, పిన్ని "నువ్వూరుకో" అంది. కానీ తమ్ముడి మనసులో ఆ ఆర్నెల్ల మాట నాటుకుపోయింది. కారు మాట్లాడతా, అంబులెన్సు మాట్లాడతా అని ఫోను పట్టుకుని తిరగడం మొదలెట్టాడు.

మధ్యాహ్నం మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పంపారు. తమ్ముడు వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తలుపు తోసుకుని బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, కదిలింది. వేలు కదిలింది. గోటితో గీశా, కదిలింది."

పిన్ని, నేను, వాడు ముగ్గురం లోపలికి పరిగెత్తాం, ఎవరూ ఆపలేదు. వాడు దుప్పటి తప్పించి, ఎడమ అరికాలు మీద గోటితో గీశాడు. బొటనవేలు చటుక్కున కదిలింది. నా చిన్నప్పుడు కదిలినట్టే. నేను గబుక్కున అరిచేశాను, నాకే సిగ్గేసింది. తమ్ముడు తండ్రి మోకాలి మీద తల పెట్టి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. "నాన్న ఉన్నాడు. చెప్పా కదా. నాన్న ఎక్కడ దొరికిపోతాడో అక్కడే దొరికాడు."

డాక్టరమ్మ వచ్చింది. తనూ గీసి చూసింది, వేలు కదిలింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసే నాకు భయమేసింది.

"ఇలా కదులుతుందండి, మాకు తెలుసు" అంది తమ్ముడితో. "అరికాలు గీస్తే ఆ కబురు తల దాకా వెళ్ళక్కర్లేదు. వెన్నుపాము దాకా వెళ్ళి, అక్కణ్ణించే తిరిగొచ్చేస్తుంది. వెన్నుపాముకి రక్తం అందుతోంది కాబట్టి అది పనిచేస్తోంది. పైన మెదడులో ఏమీ జరగడం లేదు. పొద్దున చూసిన కన్ను, దగ్గు, ఊపిరి, అవన్నీ మెదడు చెయ్యాల్సిన పనులు."

"కదిలిందిగా అండీ" అన్నాడు తమ్ముడు. "కళ్ళతో చూశాంగా."

ఆవిడ మళ్ళీ చెప్పింది. కాగితం మీద బొమ్మ కూడా గీసింది. ముప్పయ్యేళ్ళు దాటిన మనిషి, ఇంజినీరింగు చదివినవాడు, తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వాణ్ణేం అంటాం? టీచర్ని, పిల్లలకి ఇవే పాఠాలు చెప్పేదాన్ని, నా బుర్రకే ఎక్కలేదు. ఆ వేలు కదిలితే బాబాయి మెలకువగా ఉన్నట్టే అని పాతికేళ్ళ క్రితమే ఖాయం చేసుకున్నవాళ్ళం మేం.

పిన్ని మంచం కాళ్ళ వైపు నిలబడి ఆ పాదాన్ని చూస్తోంది. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"కాలు లెక్కలోకి రాదు నాన్నా" అంది.

వాడు తలెత్తాడు.

"మీ నాన్నే చెప్పారుగా. దానంతటదే కదిలింది, నాకు సంబంధం లేదని. ఎన్నిసార్లు చెప్పారు?"

డాక్టరమ్మ గీసిన బొమ్మ చెయ్యలేని పని ఆ మాట చేసింది. ఆవిడ మా ముగ్గురి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా బొమ్మ గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. హైదరాబాదు మాట వాడు మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం వేరే డాక్టర్లు కూడా వచ్చారు. చెల్లి ఈసారి లోపలికొచ్చి నా పక్కన నిలబడి, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. చిన్నప్పుడు గౌను పట్టుకునేది. పిలిచారు, నొక్కారు, లైటు వేశారు. దూది పోగు వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. నీళ్ళు పోశారు. దగ్గు కోసం చూశారు. యంత్రం తీశారు. మళ్ళీ పొట్ట చూశాను. నవ్వు బాబాయ్, ఒక్కసారి నవ్వు, ఓడిపో, నీకేం పోయింది అని లోపల్లోపల బతిమాలాను. ఎన్ని ఆటలు గెలవలేదు నువ్వు, ఒక్కటి ఓడిపోలేవా?

యంత్రం మళ్ళీ పెట్టారు. రక్తం రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ మా దగ్గరికొచ్చి నిలబడింది. పిన్ని చెయ్యెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు ఆపింది. వాళ్ళందరూ పక్కకి జరిగారు.

పిన్ని మంచం దగ్గరికి వెళ్ళలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఆ గది గుమ్మం దగ్గర నిలబడింది. చేతులు తడిగా లేకపోయినా కొంగుకి తుడుచుకుంది. మా ముగ్గురి వైపూ చూసింది. నాకు జుట్టు నెరిసింది, తమ్ముడికి బట్టతల వచ్చింది, చెల్లికి స్కూలుకెళ్ళే కూతురుంది. గొంతు పెంచకుండా అంది:

"ఇక చాల్లెండి. పిల్లలు హడలిపోతున్నారు."

మేం నలుగురం ఎడమ కన్ను వైపు చూశాం. డాక్టరమ్మ కూడా, ఎందుకో తెలీకుండానే, అటే చూసింది. ఎంతసేపు చూశామో నాకు తెలీదు. హడలిపోయామన్నది మాత్రం నిజం. చెల్లి పట్టుకున్న నా కుచ్చిళ్ళు ఊడిపోయాయి.

పిన్ని గుమ్మం దగ్గర్నుంచి కదిలి వచ్చింది. "దొంగనిద్ర కాదే అమ్మాయ్" అంది నాతో. ఏడవలేదు. "పొద్దున వచ్చిందే, ఆవిణ్ణి పిలు. ఏం పనికొస్తే అవి తీసుకోమను. కళ్ళు కూడా తీసుకోమను. ఎవరైనా తెరుస్తారు."

తమ్ముడు వద్దనలేదు. వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చాడు.

పిన్ని మంచం చుట్టూ తిరిగి ఆయన చొక్కా లేని భుజాలు నిమిరింది, నుదురు మీద ముద్దు పెట్టుకుంది. కాళ్ళ దగ్గరికి వచ్చి, తమ్ముడు తప్పించిన దుప్పటి కిందకి లాగి సర్దబోయింది. సర్దుతుంటే ఆవిడ గాజు ఆ ఎడమ అరికాలికి తగిలింది.

వేలు కదిలింది. నలుగురం చూశాం. ఎవరం ఏమీ అనలేదు. పిన్ని దాని మీద దుప్పటి కప్పింది.